తెలిసినవాడి జాడ

అమాంగ్ అస్ అనే ఆన్‌లైన్ ఆటలో మొదటి మీటింగ్ చాలాసార్లు ఇలా నడుస్తుంది. ఎవరో శవాన్ని చూసి రిపోర్ట్ కొడతారు. అందరూ ఒక్కసారే మాట్లాడతారు. "ఎవడ్రా చేసింది?" "బాడీ ఎక్కడ?" "రెడ్ ఏం మాట్లాడట్లేదేంటి?" "అవును, ఇందాకట్నుంచీ సైలెంట్‌గా ఉన్నాడు, వీడే." ఇంకో అర నిమిషంలో రెడ్ అనే ఆటగాడు ఓడ బయట అంతరిక్షంలో తేలిపోతుంటాడు. అతను ఇంపోస్టర్, అంటే అందరిలో దాగి హత్యలు చేసేవాడు, కాదని తెర మీద పడుతుంది. తప్పు జరిగిందని అందరికీ తెలుస్తుంది. ఎందుకు జరిగిందని మాత్రం ఎవరూ అడగరు. తర్వాతి రౌండ్‌లో ఇంకో నెమ్మదస్తుడి వంతు వస్తుంది.

రెడ్‌ని గెంటేయడానికి వాళ్ళు వాడుకున్న ఆధారం అతని స్వభావం ఒక్కటే. అతను చేసిన పని ఏదీ ఎవరూ చూడలేదు. దాగిన ప్రత్యర్థిని మనిషి తీరులో వెతకవద్దని చెప్పడానికే ఈ అధ్యాయం. ఆ ప్రత్యర్థికి మనకన్నా ఎక్కువ తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు ఆట పొడుగునా నడవాలి, మాట్లాడాలి, ఓటు వేయాలి. అలా నడుచుకునేటప్పుడు జాడలు పడతాయి. మనం పట్టుకోవలసింది వాటినే.

ఇలాంటి ఆటల పుట్టుకలోనే తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అన్న ఈ తేడా ఉంది. 1986 ప్రాంతంలో మాస్కో స్టేట్ యూనివర్సిటీ మనస్తత్వశాస్త్ర విభాగంలో దిమిత్రీ దవీదోవ్ 'మాఫియా' అనే ఆటను తయారుచేశాడు. అన్నీ తెలిసిన కొద్దిమంది ఒకవైపు, ఏమీ తెలియని ఎక్కువమంది ఒకవైపు. 1997లో అమెరికాలో ఆండ్రూ ప్లాట్‌కిన్ దానికి తోడేళ్ళ కథ తొడిగి 'వేర్‌వుల్ఫ్' చేశాడు. 2018లో ఇన్నర్‌స్లాత్ అనే చిన్న సంస్థ అదే సూత్రాన్ని అంతరిక్ష ఓడలోకి ఎక్కించి అమాంగ్ అస్ విడుదల చేసింది. రెండేళ్ళపాటు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2020లో ప్రపంచమంతా ఇళ్ళలో కూర్చున్నప్పుడు ఒక్కసారిగా కోట్లమందికి చేరింది. కాలేజీలు మూతపడి హైదరాబాద్‌లో ఒకరు, ఏలూరులో ఒకరు చిక్కుకుపోయిన స్నేహితులు రాత్రిళ్ళు కలుసుకునే చోటు అదే అయింది.

మన పిల్లలు చీటీలు మడిచి ఆడుకునే రాముడు–సీత కూడా ఈ కుటుంబంలోదే. రాముడి చీటీ వచ్చినవాడు సీత ఎవరో కనిపెట్టాలి. కానీ అక్కడ సీత చేయవలసిన పనేమీ లేదు, నవ్వు ఆపుకుని కూర్చుంటే చాలు. అందుకే అక్కడ మొహం చూసి ఊహించడం తప్ప గత్యంతరం లేదు. మాఫియాలో, అమాంగ్ అస్‌లో దాగినవాడు కదలాలి, చంపాలి, సంజాయిషీ చెప్పాలి. చేతినిండా ఆధారాలున్న ఈ ఆటని కూడా మనం చీటీల ఆటలాగే మొహాలు చూసి ఆడుతున్నాం. చిక్కంతా ఇక్కడే ఉంది.

మొహం, గొంతు, మౌనం

అబద్ధం చెప్పేవాడు తడబడతాడని, గొంతు వణుకుతుందని మనకి గట్టి నమ్మకం. 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలు పోగేసి లెక్క తీశారు. 24 వేల మందికి పైగా ఎదుటివాళ్ళ మాటలు విని, అది నిజమో అబద్ధమో తేల్చిన ఫలితాలవి. సగటున సరిగ్గా చెప్పింది 54 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా 50 శాతం సరిపోతుంది. మొహం చూసి మనిషిని చదివేస్తానని ధీమాగా ఉన్నవాళ్ళు ఈ రెండు అంకెల మధ్య తేడాని ఒకసారి తీరిగ్గా చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో ఆ మొహం కూడా ఉండదు. మైక్‌లో వినిపించే గొంతో, చాట్‌లో నాలుగు ముక్కలో ఉంటాయి. మాట ఆలస్యమైతే నెట్ ఆగిందో, ఇంట్లో ఎవరో పిలిచారో, ఆట కొత్తో మనకి తెలియదు. పైగా, చేయని పని నెత్తిన పడితే అమాయకుడు కూడా కంగారుపడతాడు, కోప్పడతాడు. సెలవుల్లో అక్కాచెల్లెళ్ళ పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు అంతా డిస్కార్డ్‌లో చేరి ఆడుతున్నారనుకోండి. వాళ్ళలో డాలస్‌లో పెరిగి, తెలుగు మాట కూడబలుక్కుని చెప్పే అమ్మాయి ఒకతె ఉంటుంది. "ఏంటే తడబడుతున్నావ్, నువ్వే కదా!" అంటూ ప్రతి రౌండ్‌లోనూ ముందు ఆ అమ్మాయినే పంపేస్తారు. ఇంకో నాలుగు రౌండ్లకి ఆమె ఆటే మానేస్తుంది. ఇలా జరగడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఓడిపోతున్నందుకు కాదు, చుట్టూ తొమ్మిదిమంది ఉండి ఆ పిల్లని ఎక్కడున్నావని ఒక్కరూ అడగనందుకు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తడబడేవాళ్ళని అనుమానించే గుంపు, ధీమాగా మాట్లాడేవాళ్ళని వదిలేస్తుంది. గొంతు పెంచి మీటింగ్ నడిపేవాడిని ఎవరూ ప్రశ్నించరు. మంచి ఇంపోస్టర్‌కి కావలసింది సరిగ్గా అదే.

మౌనంగా ఉన్నవారి మీద అనుమానం వస్తే నింద వేయకండి, జవాబు చెప్పగలిగే ప్రశ్న వేయండి. "నువ్వెందుకు మాట్లాడట్లేదు?" అన్నదానికి జవాబు లేదు. "లైట్లు పోయినప్పుడు నువ్వు ఏ గదిలో ఉన్నావు? అక్కడ ఎవరినైనా చూశావా?" అన్నదానికి ఉంది. ఆ జవాబుని ఇంకొకరి జవాబుతో సరిచూడవచ్చు.

తెలిసినదాన్ని దాచడం కష్టం

బ్రావర్‌మన్, ఎతెసామీ, మోసెల్ అనే పరిశోధకులు 2008లో మాఫియా ఆట మీద ఒక గణిత వ్యాసం ప్రచురించారు. అమాయకుల పక్షాన డిటెక్టివ్ పాత్ర లేకపోతే, మొత్తం ఆటగాళ్ళ సంఖ్యకి వర్గమూలం స్థాయిలో మాఫియావాళ్ళు ఉంటే చాలు, రెండు పక్షాలూ సరిజోడీ అవుతాయని తేల్చారు. అంటే గుంపు ఎంత పెద్దదైనా, ఎవరు ఎవరో తెలిసిన పిడికెడు మంది దానికి సమానంగా తూగుతారు. వాళ్ళ బలమంతా తెలియడంలోనే ఉంది. వాళ్ళు దొరికిపోయేది కూడా ఆ తెలియడం వల్లే.

అమాంగ్ అస్‌లో శవం రిపోర్ట్ అయినప్పుడు ఎవరు చనిపోయారో, ఎవరు రిపోర్ట్ కొట్టారో తెర మీద కనిపిస్తుంది. శవం ఎక్కడ దొరికిందో కనిపించదు. అది రిపోర్ట్ కొట్టినవాడు నోటితో చెప్పాలి. అతను చెప్పేలోపే ఎవరైనా "నేనసలు ఎలక్ట్రికల్ వైపే రాలేదు" అన్నారనుకోండి. ఎలక్ట్రికల్ ప్రస్తావన ఎవరూ తేలేదే! ఆ గదిలో హత్యలు ఎక్కువ జరుగుతాయి కాబట్టి అతను ఊహించి అని ఉండవచ్చు. అందుకే ఇది రుజువు కాదు. మనసులో ఒక గీత గీసి పెట్టుకోండి, అంతే. ఇలాంటి గీతలు ఒకే పేరు కింద రెండు మూడు పడ్డప్పుడు మాట్లాడదాం.

అమాయకుడి నోట ముందు వచ్చే మాటలు ప్రశ్నలే. ఎక్కడ, ఎప్పుడు, దగ్గర్లో ఎవరున్నారు? అతనికి నిజంగా తెలియదు మరి. చంపినవాడికి ఆ జవాబులు అక్కర్లేదు. బాగా ఆడేవాడు అడిగినట్టు నటిస్తాడు. కానీ వచ్చిన జవాబుని ఏం చేస్తున్నాడో గమనించండి. "స్టోరేజ్‌లో" అని తెలిశాక అమాయకుడు ఆగి లెక్క వేసుకుంటాడు: "స్టోరేజా? నేనిప్పుడే అటునుంచి వచ్చాను, అక్కడ ఎల్లో ఒక్కడే ఉన్నాడు. కాదు, పింక్ కూడా వచ్చింది." నటించేవాడు జవాబు విని ఊరుకుంటాడు, లేదా అంతకుముందు చెప్పిన పేరే మళ్ళీ చెబుతాడు.

నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మే జాడ అనుమానం మారడం. అమాయకుడికి నిజం తెలియదు కాబట్టి కొత్త సంగతి వచ్చినప్పుడల్లా అతని అనుమానం కదులుతుంది. ఒకరిని వదిలి ఇంకొకరి మీదికి వెళుతుంది, ఒక్కోసారి అతనికే చిరాకు పుట్టేంతగా తిరుగుతుంది. దాగినవాడికి అందరి సంగతీ తెలుసు. అతని అనుమానం అవసరాన్ని బట్టి నడుస్తుంది. గుంపు ఎవరి మీదికి వెళితే అతనూ అటే వెళతాడు. లేదా ఒకే పేరు పట్టుకుని, కారణాలు మాత్రం మార్చుకుంటూ పోతాడు. పేరు అదే ఉండి కారణాలు మారుతుంటే జాగ్రత్త పడండి. కారణం మారినప్పుడు పేరు కూడా మారితే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు.

ముందు అడగండి, తర్వాత చెప్పండి

ఈ అధ్యాయంలో ఒక్క అలవాటే నేర్చుకోగలిగితే ఇది నేర్చుకోండి. మీరు చూసింది వెంటనే చెప్పకండి.

స్వీడన్‌లో మరియా హార్ట్‌విగ్, పేర్ ఆండెర్స్ గ్రాన్‌హాగ్ బృందం పోలీసు శిక్షణలో ఉన్నవాళ్ళతో ఒక ప్రయోగం చేసి 2006లో ప్రచురించింది. అనుమానితుడి మీద ఉన్న ఆధారాన్ని ముందే బయటపెట్టకుండా, ముందు అతని చేత మొత్తం చెప్పించి, తర్వాత ఆధారం చూపించే పద్ధతిని కొందరికి నేర్పారు. నేర్చుకున్నవాళ్ళు దాదాపు 85 శాతం సార్లు సరిగ్గా తేల్చారు. నేర్చుకోనివాళ్ళు 56 శాతం దగ్గరే ఆగిపోయారు. ఆధారం రెండు గుంపులకీ ఒకటే. ఎప్పుడు చూపించాలన్న దానిలోనే తేడా.

దీన్ని ఓడలోకి తెద్దాం. రెడ్ ఎలక్ట్రికల్ లోంచి బయటికి రావడం మీరు చూశారు. కాసేపటికి అక్కడే శవం దొరికింది. మామూలుగా ఏం చేస్తాం?

"రెడ్! ఎలక్ట్రికల్ నుంచి వస్తుంటే నేను చూశా!"

"అవును, వైర్లు కలిపి వచ్చా. నేను వచ్చేటప్పటికి అక్కడ బాడీ లేదు."

ఇక మీరు చేయగలిగింది లేదు. అతను అమాయకుడైనా, దోషి అయినా ఇదే జవాబు చెబుతాడు. మీ దగ్గరున్న ఒకే ఒక్క ఆధారాన్ని అతని చేతిలో పెట్టి, దానికి సరిపోయే కథ అల్లుకోమని మీరే అవకాశం ఇచ్చారు. ఇప్పుడు రెండో దారి చూడండి.

"అందరూ వరసగా చెప్పండి, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళారు? రెడ్, నువ్వు?"

"నేను నావిగేషన్‌లోనే ఉన్నా, అక్కడ్నుంచి ఇప్పుడే వచ్చా."

"దారిలో ఎక్కడా ఆగలేదా?"

"లేదు, నేరుగా వచ్చా."

ఇప్పుడు చెప్పండి మీరు చూసింది. రెండోసారి అడిగి దారులు మూసేశారు కాబట్టి తప్పించుకోవడం కష్టం. ఒకవేళ రెడ్ మొదటే "ఎలక్ట్రికల్‌లో వైర్లు కలిపి స్టోరేజ్ మీదుగా వస్తున్నా, అక్కడ గ్రీన్ కనిపించాడు" అని ఉంటే, తన మీదికి వచ్చేదాన్ని తనే దాచకుండా చెప్పాడన్నమాట. నేనైతే అతన్ని ఈ రౌండ్‌కి వదిలేస్తాను. మీ మౌనం అమాయకుడిని కూడా కాపాడిందని గమనించండి. దోషిని పట్టే పద్ధతి, నిర్దోషిని నిలబెట్టే పద్ధతి ఒకటే కావడం వల్లే నాకు ఇదంటే ఇంత ఇష్టం.

మీటింగ్‌కి సమయం తక్కువ కాబట్టి ఇదంతా ఇరవై సెకన్లలో జరగాలి. ఆడేముందే స్నేహితులతో ఒక మాట అనుకోండి: ఎవరినైనా నిందించేముందు ప్రతివాళ్ళూ తమ దారి ఒక్క వాక్యంలో చెప్పాలి. దీన్ని వ్యతిరేకించడానికి ఇంపోస్టర్ దగ్గర మంచి కారణం ఉండదు.

ఓడలో నడక

నోటి మాటకన్నా కాలి నడక ఎక్కువ చెబుతుంది. ఓడలో అమాయకులు పూర్తి చేయవలసిన పనులే టాస్కులు. ఇంపోస్టర్ వాటిని చేయలేడు, చేస్తున్నట్టు నిలబడగలడు. టాస్క్ బార్ ఎప్పటికప్పుడు కదిలేలా సెట్టింగ్ ఉంటే, అతను లేచి వెళ్ళినప్పుడు బార్ జరిగిందో లేదో చూడండి. కదలలేదంటే అనుమానించవచ్చు. కదిలితే మాత్రం నమ్మేయకండి, అదే క్షణంలో ఇంకెవరో తమ పని ముగించి ఉండవచ్చు. డౌన్‌లోడ్ లాంటి పనికి కొన్ని సెకన్లు కదలకుండా నిలబడి తీరాలి. ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయినవాడు ఆ పని చేయలేదు. విజువల్ టాస్కులు (చేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళకి కనిపించే పనులు) ఆన్‌లో ఉంటే మెడ్‌బేలో స్కాన్ అయినవాడు నూటికి నూరుపాళ్ళు అమాయకుడు. అలాంటివాడు దొరికితే అతని పక్కనే తిరగండి. అతను పోతే గుంపుకి ఉన్న ఒకే ఒక్క నమ్మకమైన గొంతు పోతుంది.

స్కెల్డ్ అనే మ్యాప్‌లో వెంట్లు, అంటే ఇంపోస్టర్ దూరి వెళ్ళే గాలి గొట్టాలు, ఏ గదిని ఏ గదికి కలుపుతాయో నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పెట్టండి. ఎలక్ట్రికల్, మెడ్‌బే, సెక్యూరిటీ మూడూ లోపల కలిసే ఉంటాయి. ఎలక్ట్రికల్‌లో కనిపించినవాడు, నడిచి వెళ్ళే వ్యవధి లేకుండా మెడ్‌బేలో తేలాడంటే అతను ఎలా వచ్చాడో చెప్పనక్కర్లేదు. అడ్మిన్ బల్ల మీద ఏ గదిలో ఎంతమంది ఉన్నారో కనిపిస్తుంది, పేర్లు కనిపించవు. పేర్లు లేకపోయినా, ఒక గదిలో మాయమైన అంకె దూరంగా ఇంకో గదిలో తేలడం కనిపిస్తుంది. కెమెరా దగ్గర ఎర్ర లైటు మెరుస్తుంటే ఎవరో చూస్తున్నారని ఇంపోస్టర్‌కీ తెలుస్తుంది. కాబట్టి ఎప్పుడూ కెమెరా ముందే కూర్చోవడం కన్నా వచ్చిపోతూ చూడటం మేలు.

ఇంపోస్టర్ లైట్లు ఆపేసినప్పుడు క్రూమేట్లకి, అంటే అమాయకులకి, చూపు ఆనదు, ఇంపోస్టర్‌కి ఎప్పటిలాగే కనిపిస్తుంది. ఆ చీకట్లో తడుముకోకుండా ఒక మనిషి వెనకే నడుస్తున్నవాడిని గుర్తుపెట్టుకోండి.

ఓట్ల చిట్టా

మాట ఊరికే వస్తుంది, ఓటుకి ఖరీదు ఉంది. ఓట్లు పేర్లతో కనిపించే సెట్టింగ్ ఉంటే కాగితం మీద రాసుకోండి: ఎవరు ఎవరికి వేశారు, ముందు వేశారా, చివర్లో వేశారా. టౌన్ ఆఫ్ సేలం అనే ఆటలో ప్రతి ఆటగాడూ వీలునామా రాసుకుంటూ పోయే ఏర్పాటు ఉంది, అతను చనిపోయాక అది అందరికీ కనిపిస్తుంది. ఏ ఆటకైనా అదే పద్ధతి పెట్టుకోండి. ఇప్పుడు నేను పోతే మిగిలినవాళ్ళకి నా నుంచి ఏం దొరుకుతుంది అన్న ప్రశ్నతో రాస్తే, ఊహ ఏదో చూసింది ఏదో మీకే విడివిడిగా కనిపిస్తుంది.

ఈ చిట్టా అక్కరకొచ్చేది ఒక ఇంపోస్టర్ దొరికాక. అప్పుడు వెనక్కి వెళ్ళండి. అతని మీద మాట వచ్చిన ప్రతిసారీ అడ్డుపడింది ఎవరు? అతను ఎన్నడూ పేరెత్తనిది ఎవరిని? అతని మీద ఓట్లు ఎలాగూ నిండాక, చివర్లో వచ్చి చేరింది ఎవరు? మొదటి ఓటు వేసినవాళ్ళని కూడా పూర్తిగా నమ్మేయకూడదు. జోడీని కాపాడలేనని తెలిస్తే, తానే ముందు నిలబడి పట్టించి పేరు కొట్టేసే ఇంపోస్టర్లు ఉంటారు. అతని ఓటు ముఖ్యమా, లేక ఆ ఓటు లేకపోయినా అదే జరిగేదా అని లెక్క చూడండి. ఫలితాన్ని మార్చిన ఓటుకే విలువ.

ఇక అంకెల సంగతి. పదిమందిలో ఇద్దరు ఇంపోస్టర్లంటే, మీరు కాక మిగిలింది తొమ్మిదిమంది. ఆధారం లేకుండా ఒకరి మీద వేసే మీ ఓటు సరైనది కావడానికి అవకాశం తొమ్మిదింట రెండు, అంటే 22 శాతం. అలాంటప్పుడు స్కిప్ చేయడం, అంటే ఎవరినీ పంపకుండా వదిలేయడం, పిరికితనం కాదు. అమాంగ్ అస్‌లో స్కిప్ చేసినా టాస్కులు ముందుకి నడుస్తాయి, గెలుపు దగ్గరవుతుంది. మాఫియాలో అలా కాదు. అక్కడ టాస్కులు లేవు, రాత్రికొకరు పోతూనే ఉంటారు, ఎవరినీ పంపని పగలు చాలాసార్లు వృథా. ఆట మారితే లెక్క మారుతుంది. ఏడుగురు మిగిలి ఇద్దరు ఇంపోస్టర్లూ బతికే ఉంటే ఇంకా జాగ్రత్త. ఒక అమాయకుడిని తప్పుగా పంపితే నలుగురూ ఇద్దరూ మిగులుతారు. తర్వాతి మీటింగ్ వచ్చేలోపు ఇద్దరూ చెరొకరిని చంపితే ఇద్దరికిద్దరు, ఆట అయిపోతుంది. ఆ దశలో "చూద్దాంలే, పంపేద్దాం" అన్న ప్రతివారినీ, వాళ్ళు ఎవరైనా సరే, ఈ లెక్క చెప్పి ఆపండి.

తియ్యని మాట

డిప్లొమసీ అని పొత్తులు, వెన్నుపోట్ల మీద నడిచే పాత ఆట ఒకటుంది. దాని ఆన్‌లైన్ ఆటగాళ్ళు రాసుకున్న సందేశాలని 2015లో కొందరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు పరిశీలించారు. వెన్నుపోటుకి ముందు మాటల్లో సమతూకం చెడుతుందని, పొడవబోయేవాడి మాటల్లో ఉన్నట్టుండి సానుకూలత పెరగడం ఒక సంకేతమని వాళ్ళు గమనించారు. ఇక్కడ ముఖ్యమైన మాట 'ఉన్నట్టుండి'. ఎప్పుడూ మర్యాదగా మాట్లాడే మనిషి మర్యాదలో ఏమీ లేదు. ప్రతి మాటకీ "నోర్ముయ్‌రా" అనే స్నేహితుడు ఈ రౌండ్‌లో "నువ్వు చెప్పిందే కరెక్ట్ మామా, నీకే వదిలేస్తున్నా" అంటే, అతన్ని అతని పాత ఆటలతోనే పోల్చాలి. ఇంకొకరితో పోల్చితే మళ్ళీ రెడ్‌కి చేసిన అన్యాయమే చేస్తాం. ఇది చిన్న సంకేతం, ఒంటరిగా ఓటుకి సరిపోదు.

ఓడ దిగాక

ఈ పుస్తకం ఆటల గురించి మాత్రమే కాదు కాబట్టి ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆట మొదలవగానే మీలో ఇంపోస్టర్ ఉన్నాడని ఆటే ప్రకటిస్తుంది, ఎందరో కూడా చెబుతుంది. ఆఫీసులో, ఇంట్లో, స్నేహంలో అలాంటి ప్రకటన ఎవరూ చేయలేదు. ఎదుటివాళ్ళ మాటని ముందుగా నమ్మడమే మనుషుల సహజ స్థితి అని, చాలామంది చాలావరకు నిజమే చెబుతారు కాబట్టి అది తెలివైన పనేనని టిమొతీ లెవీన్ అనే పరిశోధకుడు ఏళ్ళ తరబడి వాదిస్తున్నాడు. నేను దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతాను. భర్త ఫోన్ ఆలస్యంగా ఎత్తాడని, తోడికోడలు ఉన్నట్టుండి ప్రేమగా మాట్లాడిందని ఈ అధ్యాయాన్ని బయటికి తీయకండి. లేని ఇంపోస్టర్‌ని వెతికేవారికి ఎవరో ఒకరు ఇంపోస్టర్‌గా కనిపించి తీరతారు.

బయటికి తెచ్చుకోదగ్గవి కూడా ఉన్నాయి. నిందించేముందు అడగడం, చూసినదాన్నీ అనుకున్నదాన్నీ విడిగా ఉంచుకోవడం, నలుగురిలో "నా అనుమానం తప్పు, వెనక్కి తీసుకుంటున్నా" అనగలగడం. మూడోదాన్ని ఆటలో సాధన చేయడం తేలిక, ఎందుకంటే అక్కడ పోయేదేమీ లేదు. పైగా మీ మీద నమ్మకం పెరుగుతుంది. అనుమానాన్ని వెనక్కి తీసుకునే మనిషి నిజంగానే వెతుకుతున్నాడని మిగిలినవాళ్ళకి అర్థమవుతుంది. మీ మీద నింద పడినప్పుడు కూడా "నేనెందుకు చంపుతాను, నన్నే అంటారా" అని గొడవపడకండి. మీ దారి చెప్పండి, దారిలో కనిపించినవాళ్ళ పేర్లు చెప్పండి, మీరు ఇంకా తేల్చుకోలేకపోతున్నదేమిటో కూడా చెప్పండి.

చివరి ముగ్గురు

ముగ్గురే మిగిలారు. ఇంపోస్టర్ ఒక్కడు. మీరు అమాయకులు. గ్రీన్, పింక్ ఇద్దరూ "నేను కాదు, తనే" అంటున్నారు. ఓట్లు తలా ఒకటి పడి సమమైతే ఎవరూ వెళ్ళరు, ఆ వెంటనే ఒక హత్యతో ఆట ముగుస్తుంది. ఇంపోస్టర్‌ని పంపాలంటే రెండు ఓట్లు ఒకే పేరు మీద పడాలి.

ఇప్పుడు ఇద్దరి తలల్లో ఏముందో చూడండి. వాళ్ళలో అమాయకుడికి మీరెవరో తెలియదు. మీరూ ఇంపోస్టర్ కావచ్చు. అతను మిమ్మల్ని కూడా నిలదీయాలి: "నువ్వు రియాక్టర్ దగ్గర ఏం చేస్తున్నావ్? బ్లూ పోయినప్పుడు నీ పక్కన ఎవరూ లేరు కదా?" ఇంపోస్టర్‌కి మాత్రం మీరు అమాయకులని తెలుసు. అతనికి మీ ఓటు కావాలి. మీతో తగువు ఎందుకు పెట్టుకుంటాడు? "నువ్వు కాదని నాకు తెలుసు, గ్రీన్‌కి వేద్దాం పద" అంటాడు. మీరు కాదని అతనికి ఎలా తెలిసింది? నేరుగా అడగండి: "నేను కాదని ఎందుకు అనుకుంటున్నావ్?" నిజంగా చూసినదేదైనా ఉంటే చెబుతాడు. స్కాన్‌లో మిమ్మల్ని చూశాడో, హత్య జరిగినప్పుడు మీ పక్కనే ఉన్నాడో. అలాంటిదేమీ లేకుండా "నీ మీద నాకు నమ్మకం" అంటే ఆ నమ్మకానికి వేరే ఆధారం ఉందన్నమాట.

బాగా ఆరితేరిన ఇంపోస్టర్ ఇది తెలిసి మిమ్మల్ని కూడా అనుమానించినట్టు నటిస్తాడు. ఆ ప్రశ్నకి మీరు పూర్తిగా జవాబు చెప్పి, ఒక్క క్షణం ఆగండి. వెతుకుతున్నవాడు ఆ జవాబులోంచి ఇంకో ప్రశ్న తీస్తాడు: "స్టోరేజ్ మీదుగా వచ్చానంటున్నావు, మరి పింక్ కనిపించలేదా?" నటిస్తున్నవాడు "సరే, ఒప్పుకుంటున్నా" అని గ్రీన్ దగ్గరికి వెళ్ళిపోతాడు. సమయం పది సెకన్లు మిగిలి ఉంటుంది. మిమ్మల్ని రెండో ప్రశ్న అడిగినవారిని వదిలి, మిగిలినవారికి ఓటు వేయండి. ఎవరికి వేస్తున్నారో, ఎందుకో గట్టిగా చెప్పి మరీ వేయండి, మీలాగే తేల్చుకోలేకపోతున్న ఆ అమాయకుడి ఓటు కూడా అటే పడాలి కదా.